గ్రేడు కాకుండా ఇంకెలా? పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం స్లిప్ టెస్టు (క్లాసులో పెట్టే చిన్న పరీక్ష) పేపర్ల మీద గ్రేడు వేయడం మానేశాను. రిజిస్టరులోనూ ఆన్‌లైన్‌లోనూ ఎక్కించాల్సినవి ఎక్కిస్తాను గానీ, పిల్లల చేతికిచ్చే కాగితం మీద మాత్రం వేయను. అప్పటి నుంచి పేరెంట్స్ మీటింగుల్లో, స్టాఫ్ రూములో, బస్టాండులో కూడా ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. అందరికీ పనికొస్తుందని జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

గ్రేడులు వద్దంటే పరీక్షలే వద్దనా?

కాదు. పరీక్ష పెట్టాలి, పేపరు శ్రద్ధగా దిద్దాలి, తప్పును తప్పని చెప్పాలి. పేపరు దిద్దాక పిల్లల చేతికి ఏం అందుతోంది అన్నదే ఇక్కడ ప్రశ్న. ఒక్క అక్షరం అందుతోందా, లేక రేపు ఏం చేయాలో తెలిసే మాట అందుతోందా?

గ్రేడుతో వచ్చిన ఇబ్బంది ఏమిటి? మేమంతా మార్కులతోనే చదువుకున్నాం కదా?

ఒక పేపరు గురించి చెబుతాను. నాలుగో తరగతి పాప, తీసివేతల స్లిప్ టెస్టు. పది లెక్కల్లో ఆరు ఒప్పు, నాలుగు తప్పు. పాత పద్ధతిలో అయితే బి ప్లస్ వేసి పక్కన పెట్టేదాన్ని. తప్పు పోయిన లెక్కల్లో ఒకటి ఇది: 402 లోంచి 178 తీసేయాలి. ఆ పాప 376 అని వేసింది. తోచక వేసిన జవాబు కాదది. ఒకట్ల స్థానంలో రెండు, ఎనిమిది ఉన్నాయి, తేడా ఆరు. పదుల స్థానంలో సున్నా, ఏడు ఉన్నాయి, తేడా ఏడు. వందల్లో నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పైనున్నా కిందున్నా సరే, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది. మిగతా మూడు తప్పులూ అచ్చం ఇలాగే ఉన్నాయి. అప్పు తెచ్చుకునే పని లేని ఆరు లెక్కలూ ఒప్పే.

అదే రోజు అదే టెస్టులో ఒక బాబుకీ ఆరే ఒప్పయ్యాయి. వాడికి అప్పు తెచ్చుకోవడం బాగా వచ్చు. తొందరలో పదమూడులోంచి ఎనిమిది పోతే నాలుగని వేశాడు, అలాంటివే ఇంకొన్ని. ఇద్దరికీ ఒకే గ్రేడు, కానీ ఇద్దరికీ కావాల్సిన సాయం వేరు.

బాబుకి ఒక్క మాట చెప్పాను: జవాబుని కింది సంఖ్యతో కూడి చూసుకో, పై సంఖ్య రావాలి. పాపని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ఉత్తుత్తి వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతిలో పెట్టాను. "నాకు నూట డెబ్బై ఎనిమిది ఇవ్వమ్మా" అన్నాను. ముందు ఎనిమిది రూపాయలు ఇవ్వబోయి ఆగిపోయింది. "రెండే ఉన్నాయి టీచర్" అంది. మరేం చేస్తావంటే కాసేపు ఆలోచించి, ఆటలో షాపు నడుపుతున్న పిల్ల దగ్గరికి వెళ్ళి వంద మార్చుకుని పది పదులు తెచ్చుకుంది. అందులో ఒక పదిని మళ్ళీ రూపాయి బిళ్ళలుగా మార్చుకుంది. మూడు రోజులు ఈ ఆట ఆడాక నోట్లు లేకుండానే 224 వేసింది. బి ప్లస్ చూసి ఊరుకుని ఉంటే, ఆ పాప అదే తప్పుతో ఐదో తరగతికి వెళ్ళిపోయేది.

మార్కుల టెన్షన్ తగ్గించడానికే కదా గ్రేడులు తెచ్చారు?

అవును, ఉద్దేశం మంచిదే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి పదో తరగతి ఫలితాలు గ్రేడుల్లో వచ్చాయి. నూరు మార్కులను కొన్ని మెట్లుగా విడగొట్టి, పై మెట్టుకి ఏ1, దాని కింద ఏ2, ఇలా కిందికి. ఒకటి రెండు మార్కుల కోసం పిల్లలు కుమిలిపోకూడదన్నది ఆలోచన. జరిగింది వేరు. ఒకే మెట్టులో పై అంచున ఉన్నవాడూ కింది అంచున ఉన్నవాడూ ఒకటే అయ్యారు, మెట్టు మారేచోట మాత్రం ఒక్క మార్కు తేడాకే పెద్ద గోడ లేచింది. మార్కుల పోటీ పోయి పదికి పది జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు) పోటీ వచ్చింది. కూడళ్ళలో హోర్డింగుల మీద పిల్లల ఫొటోలు, ప్రతి ఫొటో కింద 10/10.

ట్రిపుల్ ఐటీ సీట్ల దగ్గర ఇది ఇంకా బాగా కనిపించింది. ఆ ట్రిపుల్ ఐటీలు నడిపే ఆర్జీయూకేటీ యూనివర్సిటీలో పదో తరగతి జీపీఏని బట్టి సీటు ఇచ్చే రోజుల్లో ఒకే జీపీఏ ఉన్నవాళ్ళు వందల్లో ఉండేవారు. ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్సు, ఇంకా కొన్ని సబ్జెక్టులు, అప్పటికీ తేలకపోతే పుట్టిన తేదీ. చివరికి ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫలితాలు మార్కుల్లో ఇచ్చారు. తెలంగాణలో 2025 ఫలితాలతో సీజీపీఏ (అదే సగటు) పోయి మెమోలో మార్కులు కనిపించాయి.

నూరు మెట్ల కొలబద్దని కొన్ని మెట్లకు కుదించారు, మళ్ళీ నూటికి పెంచారు. కొలిచేది మాత్రం అదే, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది. పిల్లకి ఏం వచ్చు, ఏం రాదు అన్న మాట ఎటుమార్చినా అందులో లేదు.

మరి గ్రేడు లేకుండా పిల్లవాడి స్థాయి ఎలా చెప్తారు?

దారులు చాలా ఉన్నాయి. నేను వాడినవి, దగ్గరగా చూసినవి చెబుతాను.

మొదటిది స్థాయి మాటల్లో చెప్పడం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊరూరా చేస్తున్న అసర్ సర్వేలో చదవడాన్ని ఇలాగే చూస్తారు. అక్షరాలు గుర్తుపడతాడా, పదాలు చదువుతాడా, చిన్న పేరా చదువుతాడా, రెండో తరగతి స్థాయి కథ చదువుతాడా? ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు, కొన్ని నిమిషాల పని. "మీ అబ్బాయి పేరా చదువుతున్నాడు, కథ దగ్గర ఆగుతున్నాడు" అంటే నిరక్షరాస్యురాలైన తల్లికీ అర్థమవుతుంది. తెలుగు విషయంలో నేను ఇంకాస్త విడదీసుకుంటాను. గుణింతాల పదాలు వస్తాయి, "అమ్మ", "అక్క" లాంటి ద్విత్వాలు వస్తాయి, "విశ్వాసం", "శాస్త్రం" దగ్గర గొంతు ఆగిపోతుంది. అలాంటి పిల్లకి రెండు వారాలు సంయుక్తాక్షరాల మీదే పని.

రెండోది నిచ్చెన పద్ధతి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడుల్లో ఇది పెరిగింది. గోడ మీద నిచ్చెన చార్టు ఉంటుంది, అందులో ఒక్కో మెట్టుకి ఒక్కో బొమ్మ గుర్తు. ఆ గుర్తున్న కార్డు అరలో ఉంటుంది. బడికి రాగానే పిల్ల తను ఎక్కడ ఆగిందో చార్టులో చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని మెట్లు దాటాక అంచనా కార్డు వస్తుంది. వచ్చేస్తే ముందుకి, రాకపోతే అదే విషయం మీద ఇంకొన్ని కార్డులు. ఫెయిల్ అన్న మాటే పుట్టదు. జ్వరంతో పది రోజులు రాకపోయినా పదకొండో రోజు తన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. ఈ పద్ధతి తమిళనాడు సర్కారు బడులకు వెళ్ళింది. మన దగ్గర స్నేహబాల కార్డులు వాడిన టీచర్లకు కూడా ఇది కొత్త కాదు. నా వరకు చిన్న తరగతులకు ఇంతకంటే మంచి పద్ధతి చూడలేదు. కాకపోతే కార్డులు చిరిగితే కొత్తవి అందుతూ ఉండాలి, టీచరుకి శిక్షణ ఉండాలి. అవి లేనిచోట నిచ్చెన గోడ మీద బొమ్మగా మిగిలిపోతుంది.

మూడోది ఫైలు. ఏడాది పొడవునా పిల్ల చేసిన పనిలోంచి కొన్ని కాగితాలు, తేదీ వేసి దాచడం. జూన్‌లో రాసిన ఐదు వాక్యాలు, నవంబరులో రాసిన పేజీ, ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం పక్కపక్కన పెడితే ఏ గ్రేడూ అక్కర్లేదు. బాగా చేసినవే కాదు, తప్పులున్నవీ దాచాలి. దిద్దుకున్న తప్పు కనిపిస్తేనే ఎదిగింది కనిపిస్తుంది.

నాలుగోది ముందే చెప్పి చూడడం. వ్యాసం రాయించే ముందే "మంచి వ్యాసం" అంటే ఏమిటో నాలుగు మాటల్లో బోర్డు మీద రాయడం. మన లెక్కల పుస్తకాల్లో విద్యా ప్రమాణాలు ఉన్నాయి కదా: సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ. వాటిని విడివిడిగా చూస్తే చాలు. లెక్క చేయగలిగి ఎందుకలా చేశాడో చెప్పలేని పిల్లలు మనకి చాలామంది ఉన్నారు. మొత్తం కలిపి ఒక్క గ్రేడు వేస్తే ఆ సంగతి దాగిపోతుంది.

గ్రేడు వేసి పక్కన కామెంట్ కూడా రాస్తే సరిపోతుంది కదా?

నేనూ అలాగే అనుకునేదాన్ని. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో దీన్నే పరీక్షించింది. కొందరికి కామెంట్ మాత్రమే, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. కామెంట్ మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు, ఆసక్తీ నిలిచింది. రెండూ అందుకున్నవాళ్ళకు ఆ మేలు దక్కలేదు. మార్కు కనపడగానే కామెంట్ మీదికి చూపు పోదు మరి. మన క్లాసులో చూడండి, పేపర్లు పంచగానే ముందు వినపడేది "నీకెంత?" అన్న మాటే.

కామెంట్ ఎలా రాయాలి?

"గుడ్", "ఇంకా బాగా చదవాలి", "శ్రద్ధ అవసరం" ఇవేవీ కామెంట్లు కావు, మాటల్లో రాసిన గ్రేడులు. వచ్చినదేదో ఒకటి, రానిదేదో ఒకటి, తర్వాత చేయాల్సిన పని ఒకటి ఉండాలి. ఒక మూడో తరగతి బాబు రాసిన కథ మీద నేను రాసింది ఇది: "కుక్కపిల్ల తప్పిపోయిన చోట నాకు నిజంగా బాధేసింది. వాక్యం అయ్యాక చుక్క పెట్టలేదు, అందుకే రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఇప్పుడు బిగ్గరగా చదువు, ఊపిరి ఆగినచోటల్లా చుక్క పెట్టి తీసుకురా." వాడు మధ్యాహ్న భోజనం అయ్యేలోపు తెచ్చాడు. పదకొండు చుక్కలు పెట్టాడు, రెండు మాత్రం తప్పుచోట పడ్డాయి. కామెంట్ రాశాక దాని మీద పని చేయడానికి క్లాసులోనే పది నిమిషాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎంత బాగా రాసినా వృథానే.

నలభై మంది ఉన్న క్లాసులో ఇదంతా అయ్యే పనేనా?

ఒక్కరోజులో అందరికీ కాదు. నా క్లాసులో ముప్పై ఆరు మంది. రోజుకు ఐదుగురి నోట్‌బుక్కులు వివరంగా చూస్తాను, మిగతావి టిక్కు మార్కుతో పోతాయి. ఎనిమిది పని దినాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. చదివించడం ప్రార్థన తర్వాత పావుగంటలో, ఇద్దరు ముగ్గురితో. ఒకే తప్పు పదిమంది చేస్తే పది కామెంట్లు అక్కర్లేదు, ఆ పదిమందినీ ఒకచోట కూర్చోబెడితే సరి. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే బడిలో ఇది కష్టం, అది ఒప్పుకుంటాను. అక్కడ తెలుగు చదవడం, లెక్కల్లో నాలుగు ప్రక్రియలు, ఈ రెండింటికే పెట్టుకున్నా మేలే.

సీసీఈ పేరుతో ఇదంతా చేశారు కదా, ఏమైంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతులో అలసట నాకు తెలుసు, నేనూ ఆ రిజిస్టర్లు నింపినదాన్నే. 2009 విద్యా హక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని, అంటే సీసీఈని చెప్పింది. మన రాష్ట్రంలో ఎఫ్ఏలు (చదువు నడుస్తుండగా చూసే ఫార్మేటివ్ అంచనాలు), ఎస్ఏలు (చివర్లో పెట్టే సమ్మేటివ్ పరీక్షలు) వచ్చాయి. ఎఫ్ఏలో పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని నాలుగు పెట్టారు. ఆలోచన ఎంత చక్కనిదో చూడండి, నాలుగింటిలో మూడు పరీక్షలే కావు. కానీ ప్రతిదానికీ మార్కు వేయమన్నారు. మార్కు అనగానే పనిని వదిలేసి అందరం అంకె వెంట పడ్డాం. ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో ప్రింటు తీసి అట్ట వేయడమయ్యింది. నేను పనిచేసిన ఒక బడిలో తనిఖీకి వస్తున్నారని తెలిసి, రెండు రాత్రులు కూర్చుని ముప్పై మంది పిల్లల భాగస్వామ్యానికి మార్కులు ఊహించి వేశాం. నా చేత్తో వేశాను. ఆ పేజీల్లో ఒక్కటీ నా పిల్లల గురించిన నిజం కాదు. ఆ సిగ్గు నన్ను చాలాకాలం వదల్లేదు, పేపర్ల మీద గ్రేడు మానేయడానికి మొదటి కారణం అదే. సీబీఎస్ఈ కూడా 2009లో తెచ్చిన సీసీఈని 2017లో తీసేసింది.

కొత్తది ఏది తెచ్చినా అధికారులకు నా విన్నపం ఒక్కటే. చిన్న తరగతుల్లో దీన్ని మార్కుగా మార్చి అప్‌లోడ్ చేయమనకండి.

కొత్తగా ఇస్తున్న హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు ఏమిటి?

2020 జాతీయ విద్యా విధానంలో చెప్పిన మార్పు ఇది. ఎన్‌సీఈఆర్‌టీ కింద పనిచేసే పరఖ్ అనే మూల్యాంకన సంస్థ దీన్ని రూపొందించింది. టీచరుతో పాటు పిల్ల తన గురించి తాను చెప్పుకుంటుంది, తోటి పిల్లలు చెప్తారు, ఇంట్లోవాళ్ళూ చెప్తారు. చిన్న తరగతుల కార్డులో ఏ, బీల స్థానంలో వాగు, కొండ, ఆకాశం బొమ్మలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగులో ఇలాంటి కార్డులు తల్లిదండ్రుల చేతికిచ్చారు. ఒక్క జాగ్రత్త చెబుతాను. "మా వాడు ఆకాశమా, కొండా?" అని అడగడం మొదలైతే బొమ్మ కూడా గ్రేడే అయిపోతుంది. బొమ్మ పక్కన టీచరు రాసిన వాక్యం చదవండి. అక్కడ ఖాళీ ఉంటే రాయమని అడగండి, అది మీ హక్కు.

పిల్లలు తమ గురించి తామే చెప్పుకుంటే అన్నీ వచ్చేశాయనే అంటారు కదా?

మన తెలుగు వాచకాల్లో పాఠం చివర "నేనివి చేయగలనా?" అని పట్టిక ఉండేది గుర్తుందా? ఎదురుగా అవును, కాదు. చాలా క్లాసుల్లో పిల్లలంతా ఒకేసారి "అవును" దగ్గర టిక్కు పెట్టేసేవారు. తప్పు పిల్లలది కాదు. "కాదు" అంటే తిడతారన్న భయం. నేను "కాదు" పెట్టినవాళ్ళతోనే ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి నిజాలు వచ్చాయి. "పద్యం చదవగలను, అర్థం చెప్పలేను" అని ఒక పిల్ల పట్టిక పక్కన పెన్సిలుతో రాసింది. అంత స్పష్టంగా నేనూ రాయలేను.

టీచరు ఇష్టాన్ని బట్టి రాస్తే? మార్కయితే నిష్పక్షపాతంగా ఉంటుంది కదా?

1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని 142 మంది టీచర్లతో దిద్దించారు. ఒకే పేపరుకు నూటికి 64 నుంచి 98 వరకు పడ్డాయి. అంకె చూడ్డానికి గట్టిగా ఉంటుంది, దాని వెనకా ఒక మనిషి చెయ్యే ఉంది. ఇష్టాయిష్టాలు తగ్గించాలంటే ఏం చూస్తున్నామో ముందే రాసుకోవాలి, పిల్ల రాసిన కాగితం పక్కనే ఉంచాలి, అప్పుడప్పుడూ తోటి టీచరుతో అదే పేపరు చూపించుకోవాలి. "మీ పాప అప్పు తెచ్చుకోవడం లేదు" అని రాస్తే నోట్‌బుక్ తెరిచి నిజమో కాదో ఎవరైనా చూడొచ్చు. బి ప్లస్ నిజమో కాదో ఎలా చూస్తారు?

పెద్ద క్లాసుల్లో, ఇంటర్‌లో, ఎంట్రన్సుల్లో మార్కులే కదా అడిగేది? అప్పుడు మా పిల్ల తట్టుకోగలదా?

అడుగుతారు, ఆ నిజం దాచను. తొమ్మిది, పది తరగతుల్లో మార్కుల పరీక్షలు రాయించాలి, సమయం లెక్క పెట్టుకుని రాయడం నేర్పాలి. కానీ ఆ అలవాటు మూడో తరగతి నుంచే మొదలవ్వాలన్న మాట నేను ఒప్పుకోను. పదో తరగతిలో లెక్కలు తప్పేవాళ్ళలో చాలామందికి అడ్డుపడేది చిన్న తరగతుల్లో దాగిపోయిన భిన్నాలూ, భాగహారాలూ.

అమెరికాలో మా మనవరాలి రిపోర్టులో అన్నీ 3లే ఉన్నాయి. నాలుగుకి మూడేనా?

కంగారు పడకండి. అక్కడ చాలా ప్రాథమిక బడుల్లో సబ్జెక్టుకి ఒక గ్రేడు ఇవ్వరు, ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 4 వరకు వేస్తారు. సాధారణంగా 3 అంటే ఆ తరగతిలో రావాల్సింది వచ్చిందని. దాన్ని 75 శాతంగా లెక్కేసి పాపతో ఫోన్లో "4 ఎందుకు రాలేదమ్మా" అనొద్దు. 2 ఏ నైపుణ్యం దగ్గర ఉందో చూసి, దాని గురించి మాట్లాడండి.

ఇంట్లో మేం ఏం చేయాలి?

పేపరు తెచ్చినరోజు "ఎన్నొచ్చాయి?" అని అడగకుండా "ఏది తప్పయింది, నాకు చూపించు" అనండి. తిట్టరన్న నమ్మకం కలిగితేనే చూపిస్తారు. చదువు రాని తల్లిదండ్రులు కూడా రోజూ ఒక పేజీ బిగ్గరగా చదివించుకోవచ్చు. ఎక్కడ ఆగి ఆగి చదువుతున్నాడో చెవికి తెలుస్తుంది, అది మర్నాడు మాకు చెబితే చాలు. పక్కింటి పిల్లతో పోలిక మాత్రం తేవద్దు.

ఏడాది చివర ఈ ఫైళ్ళన్నీ ఏమవుతాయి?

మూడు కాగితాలు పై తరగతి టీచరుకి వెళ్తాయి: చివరిసారి చదివించినప్పటి స్థాయి, ఒక రాత, ఒక లెక్కల పేజీ. జూన్‌లో అవి చూశాక కొత్త టీచరు మొదటి నెల వృథా చేసుకోనక్కర్లేదు. మిగతావి పిల్లలకే ఇచ్చేస్తాను. 376 వేసిన ఆ పాప తన పాత పేపరు అడిగి మరీ తీసుకెళ్ళింది. దాని వెనక పేజీలో సొంతంగా మరో లెక్క రాసుకుంది, 500 లోంచి 263. కింద జవాబు 237.